వేడర్ ఆల్బమ్స్ అన్నీ వరసగా విన్నాక: పీటర్ మారలేదు, డ్రమ్స్ మారాయి

పోలండ్ డెత్ మెటల్ (మెటల్ సంగీతంలో మహా స్పీడ్‌గా, కరకు గొంతుతో ఉండే రకం) అనగానే జనం ముందు బెహెమోత్ అనే బ్యాండ్ పేరే ఎత్తుతారు. మొహాలకి రంగులు, స్టేజి మీద మంటలు, బైబిల్ చింపినందుకు కోర్టు కేసులు, ఇన్ని ఉన్నాక పేరు రాకుండా ఎలా ఉంటుంది, కాదనను. కానీ అక్కడ ఈ సంగీతాన్ని పట్టుకుని దేశం దాటించి, నలభై ఏళ్ళ పైగా ఎక్కడా ఆపకుండా లాక్కొస్తున్నది మాత్రం వేడర్ అనే బ్యాండ్. ఈ మధ్య వాళ్ళ స్టూడియో ఆల్బమ్స్ మొదటి దాని నుంచి 2020లో వచ్చినదాకా వరసగా వేసుకుని విన్నా, మధ్యలో దొరికిన ఈపీలు, అంటే చిన్న ఆల్బమ్స్, కూడా కలుపుకుని, అందుకే ఈ రివ్యూ.

వేడర్ గురించి ఎవర్ని అడిగినా వచ్చే కంప్లైంట్ ఒకటే, అన్నీ ఒకేలా ఉంటాయి బ్రో అని. సగం నిజమే. పాడుతూ గిటార్ వాయించే పీటర్ గొంతు అదే, రిఫ్ (గిటార్‌లో తిరిగి తిరిగి వచ్చే ముక్క) పద్ధతి అదే, పాట రెండు మూడు నిమిషాల్లో తేల్చేయడం అదే, ఆల్బమ్ అరగంట దాటితే వాళ్ళకే చిరాకేమో అన్నట్టు ఉంటుంది. మిగతా సగం ఏంటంటే, ఈ బ్యాండ్‌లో మార్పు గిటార్‌లో వెతికితే దొరకదు. డ్రమ్ స్టూల్ మీద ఎవరు కూర్చున్నారు, ఏ స్టూడియోలో రికార్డ్ చేశారు, ఈ రెండూ పట్టుకుని వినండి, అప్పుడు ఒక్కో ఆల్బమ్ దేనికదే విడిగా కనిపిస్తుంది. నేను చెప్పదల్చుకున్నది మొత్తం మీద ఇదే, కింద రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కథ 1983లో మొదలు. ఊరు ఓల్ష్టిన్, పోలండ్ ఉత్తరాన, సరస్సులు ఎక్కువగా ఉండే వైపు. దేశంలో సాలిడారిటీ అనే కార్మికుల ఉద్యమాన్ని అణచడానికి 1981 డిసెంబర్‌లో పెట్టిన మార్షల్ లా ఎత్తేసింది ఆ 1983 జూలైలోనే, అంటే మంచి గిటార్ కాదు కదా మామూలు సరుకులకే క్యూలు కట్టే రోజులు. ప్యోటర్ వివ్‌చారెక్, మనం పీటర్ అనుకుందాం, ఇంకా జ్బిగ్నియెవ్ వ్రుబ్లెవ్‌స్కీ, ఆయన్ని వికా అని పిలిచేవాళ్ళు, వీళ్ళిద్దరూ కలిసి మొదలుపెట్టారు. పేరు స్టార్ వార్స్ సినిమాల విలన్ డార్త్ వేడర్ నుంచే, వేరే గూఢార్థం ఏమీ లేదు. మొదట్లో డెత్ మెటల్ కాదు అసలు, హెవీ మెటల్, స్పీడ్ మెటల్ కొట్టేవాళ్ళు. పీటర్ అప్పుడు బేస్ వాయించేవాడు, తర్వాత గిటార్‌కి మారాడు, పాడేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోతుంటే చివరికి మైకు కూడా తనే పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ బ్యాండ్‌లో ఉన్న మనిషి ఆయనొక్కడే.

ఇక డెమోలు, అంటే అసలు ఆల్బమ్ కంటే ముందు వదిలే శాంపిల్ రికార్డింగులు. 1986లో లైవ్ ఇన్ డికే, 1989లో నెక్రోలస్ట్, 1990లో మోర్బిడ్ రైక్. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వింటే కుర్రాళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చారో తెలిసిపోతుంది, మొదటిదాంట్లో త్రాష్ (డెత్ మెటల్‌కి ముందు వచ్చిన స్పీడ్ మెటల్ రకం) బ్యాండ్, మూడోదాంట్లో పక్కా డెత్ మెటల్. మధ్యలో జరిగింది ఏంటంటే 1988లో క్షిష్టోఫ్ రాచ్‌కోవ్‌స్కీ వచ్చి డ్రమ్స్ మీద కూర్చున్నాడు. అందరూ డాక్ అంటారు, పూర్తి నిక్‌నేమ్ దోత్సెంత్. అప్పట్లో ఇంటర్నెట్ లేదు, క్యాసెట్ కాపీ చేసి కవర్లో పెట్టి పోస్టులో పంపితే అవతలివాడు ఇంకో బ్యాండ్ క్యాసెట్ తిరిగి పంపేవాడు, టేప్ ట్రేడింగ్ అంటే అదే, ఇనుప తెర అవతల, అంటే కమ్యూనిస్టు దేశాల్లో, ఉన్న కుర్రాళ్ళకి ప్రపంచంతో ఉన్న లింకు అదొక్కటే. మోర్బిడ్ రైక్ పది వేల కాపీల దాకా పోయిందని చెప్తారు. ఒక డెమోకి అది మామూలు లెక్క కాదు, చాలా బ్యాండ్ల అసలు ఆల్బమ్స్ కూడా అంత పోవు. దాంతో ఇంగ్లాండ్‌లోని ఇయరేక్ రికార్డ్స్ కబురు పెట్టింది, ఆ రోజుల్లో డెత్ మెటల్‌కి, దాని దగ్గరి చుట్టం గ్రైండ్‌కోర్‌కి అంతకు మించిన లేబుల్ లేదు.

మొదటి ఆల్బమ్ ది అల్టిమేట్ ఇన్‌కాంటేషన్, 1992. దీని రికార్డింగ్ కథ సరదాగా ఉంటుంది. ముందు స్టాక్‌హోమ్‌లో సన్‌లైట్ స్టూడియోకి వెళ్ళారు, ఎన్‌టూంబ్డ్, డిస్మెంబర్ లాంటి స్వీడన్ బ్యాండ్లకి ఆ రంపపు కోత గిటార్ సౌండ్ ఇచ్చిన స్టూడియో అది. అక్కడ రికార్డ్ చేసింది వీళ్ళకి నచ్చలేదు, పక్కన పడేసి ఇంగ్లాండ్‌లో రిథమ్ స్టూడియోస్‌లో మళ్ళీ మొత్తం రికార్డ్ చేశారు. నాకైతే ఆ నిర్ణయం కరెక్టే అనిపిస్తుంది, ఎందుకంటే సన్‌లైట్ సౌండ్ నెమ్మదిగా, బరువుగా దొర్లే పాటలకి బాగుంటుంది కానీ వేడర్ స్పీడ్‌కి ఆ గిటార్ బురద వేస్తే రిఫ్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇప్పుడున్న ఆల్బమ్‌లో సౌండ్ కొంచెం పొడిగా, సన్నగా ఉంటుంది, డ్రమ్స్ కొంచెం దూరంగా ఉన్నట్టు ఉంటాయి, అయినా డార్క్ ఏజ్ మొదలయ్యాక ఇవేం గుర్తుండవు. పాటల్లో సగం డెమో రోజులవే, విషస్ సర్కిల్, ఫైనల్ మాసకర్, రైన్ క్యారియన్, బ్రెత్ ఆఫ్ సెంచరీస్ అన్నీ మోర్బిడ్ రైక్‌లో ఉన్నవే, అంటే ఏళ్ళ తరబడి వాయించి వాయించి అరగదీసిన పాటలు. అందుకే మొదటి ఆల్బమ్ లాగా తడబాటు ఉండదు. అమెరికా త్రాష్ బ్యాండ్ స్లేయర్ ప్రభావం మాత్రం బాహాటంగా తెలుస్తుంది, ముఖ్యంగా సోలోల్లో, గిటార్ మీద ఉన్న ఆ వామీ బార్ పట్టుకుని నొక్కి కేకలు పెట్టించడం అంతా అదే బడి. నా మార్కులు 5కి 4.

ఈ ఆల్బమ్ తర్వాత ఇయరేక్‌తో తెగిపోయింది. ఇంకో బ్యాండ్ అయితే అక్కడితో మూటాముల్లె సర్దేసేదే. వీళ్ళు 1994లో సోథిస్ అని ఒక ఈపీ వదిలారు, బ్లాక్ సబ్బాత్ కవర్ ఒకటి వేసి, కవర్ అంటే వేరే బ్యాండ్ పాటని మళ్ళీ తమ పద్ధతిలో వాయించడం. 1995లో గ్డినియాలో మోడర్న్ సౌండ్ స్టూడియోలో డె ప్రొఫుండిస్ రికార్డ్ చేశారు. చూడండి, స్వీడన్ వెళ్ళారు, ఇంగ్లాండ్ వెళ్ళారు, చివరికి వాళ్ళకి సరిపోయిన సౌండ్ సొంత దేశంలో సముద్రం ఒడ్డున దొరికింది. నాకు వేడర్‌లో అన్నిటికంటే ఇష్టమైన ఆల్బమ్ ఇదే, తొమ్మిది పాటలు, అరగంట పైన కాస్త, ఒక్క సెకను వేస్ట్ లేదు.

సైలెంట్ ఎంపైర్‌తో మొదలవుతుంది. ఇక్కడ డాక్ ఏం చేస్తున్నాడో కొంచెం శ్రద్ధగా వినండి. బ్లాస్ట్ బీట్ అంటే తెలియనివాళ్ళకి, స్నేర్, కిక్, సింబల్ మూడూ విపరీతమైన స్పీడ్‌లో ఒకదాన్నొకటి తరుముకుంటూ కొట్టడం. ఎక్కువమంది డ్రమ్మర్లు బ్లాస్ట్ ఎక్కారంటే మెషీన్ ఆన్ చేసినట్టే, మళ్ళీ రిఫ్ మారేదాకా అదే. డాక్ అలా కాదు, రిఫ్ మధ్యలో గిటార్ ఒక చోట ఊపిరి తీసుకుంటుంది చూడండి, సరిగ్గా అక్కడ ఒక చిన్న రోల్ దూర్చి మళ్ళీ స్పీడ్‌లోకి దూకేస్తాడు. స్పీడ్ ఎంత ఉన్నా చేతుల్లో ఆ ఊపు ఉంటుంది, గ్రిడ్ మీద గీసిన లెక్కలా ఉండదు, అక్కడక్కడ కొంచెం ముందుకు తోసినట్టు కూడా ఉంటుంది, దానివల్లే పాట ఎప్పుడు కిందపడుతుందో అన్న టెన్షన్ వస్తుంది, కానీ పడదు. బ్లడ్ ఆఫ్ కింగు, ఇన్‌కార్నేషన్ కూడా అంతే. చివర్లో రిబార్న్ ఇన్ ఫ్లేమ్స్ డెమో రోజుల నాటి పాట, దాన్ని ఇక్కడ పెట్టడం వల్ల పాత త్రాష్ వాసన కాస్త మిగిలింది. 5కి 5, ఇందులో బేరాల్లేవు.

1996లో ఫ్యూచర్ ఆఫ్ ది పాస్ట్ అని కవర్ ఆల్బమ్ ఒకటి ఉంది. స్లేయర్, సోడమ్, క్రియేటర్, పొసెస్డ్, సెల్టిక్ ఫ్రాస్ట్, టెర్రరైజర్, అంటే ఎక్కడి నుంచి నేర్చుకున్నారో లిస్ట్ వాళ్ళే రాసిచ్చినట్టు. మధ్యలో మెటల్‌తో సంబంధం లేని పాప్ బ్యాండ్ డెపెష్ మోడ్ పాట కూడా ఉంది, అదొక్కటీ నవ్వుకోవడానికైనా వినండి. అంతకు మించి దీని మీద చెప్పడానికి ఏం లేదు.

బ్లాక్ టు ది బ్లైండ్, 1997. డె ప్రొఫుండిస్‌కి తమ్ముడు, కొంచెం ఎక్కువ కోపం ఉన్న తమ్ముడు. కార్నల్ అనే పాట ఇందులోదే, స్టేజి మీద ఎన్నేళ్ళు వాయించినా జనానికి బోర్ కొట్టని పాట. మిగతా పాటల మధ్య తేడా పట్టుకోవడం మాత్రం కొంచెం కష్టం, ఒకేలా ఉంటాయనే కంప్లైంట్‌కి కొంత న్యాయం ఉంది అంటే అది ఈ ఆల్బమ్ దగ్గరే. ఆ మరుసటి ఏడు టోక్యోలో వాయించింది లైవ్ ఇన్ జపాన్‌గా వచ్చింది, దాన్ని మాత్రం వదలొద్దు, స్టూడియోలో సన్నగా వినపడిన మొదటి ఆల్బమ్ పాటలు అక్కడ ఒళ్ళు చేసి కనిపిస్తాయి.

లిటనీ, 2000. ఇప్పుడు అసలు గొడవ ఇక్కడ. లేబుల్ మెటల్ బ్లేడ్, స్టూడియో గ్డాన్స్క్‌లోని రెడ్ స్టూడియో, గిటార్‌లో పీటర్ పక్కన మౌజర్, బేస్ షాంబో, డ్రమ్స్ డాక్. వేడర్ వినేవాళ్ళు రెండు పార్టీలుగా చీలిపోయే ఆల్బమ్ ఇది, కారణం కిక్ డ్రమ్. ట్రిగ్గర్ అని ఒకటుంటుంది, డ్రమ్‌కి చిన్న సెన్సార్ తగిలిస్తే కాలు పడ్డ ప్రతిసారీ ముందే రెడీగా ఉంచిన శబ్దం పలుకుతుంది, ఎంత స్పీడ్‌లో కొట్టినా ప్రతి దెబ్బా ఒకే గట్టితనంతో వినిపిస్తుంది. లిటనీలో కిక్‌ని మిక్స్‌లో అందరి కంటే ముందుకి తెచ్చి పెట్టారు, గిటార్లు దాని వెనకాల నిలబడ్డాయి. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింగ్స్ ప్లే చేయండి, ఇంట్రో గింట్రో ఏం ఉండదు, తిన్నగా గుండెల మీదకొచ్చి పడుతుంది. చిన్న స్పీకర్ల మీద మాత్రం టకటకటక తప్ప ఇంకేం వినపడదు, టైప్‌రైటర్ లాగా ఉంది అనేవాళ్ళు బహుశా అలాంటి వాటి మీద విన్నవాళ్ళే అయ్యుంటారు.

నా మటుకు నాకు లిటనీ గొప్ప ఆల్బమే, కానీ డాక్ చేతుల్లో ఉన్న ఆ ఊపు కొంత ఆ శబ్దం కింద నలిగిపోయింది. కాళ్ళు మెషీన్‌లా వినపడతాయి, చేతులు మాత్రం మనిషివే, ఆ రెండిటి మధ్య లాగుడే ఈ ఆల్బమ్ మజా. జెపెర్ అనే పాట స్పీడ్ తగ్గించి బరువుగా నడుస్తుంది, ఆ తర్వాత టైటిల్ పాట వస్తుంది, కోల్డ్ డీమన్స్ వస్తుంది, ఫార్వర్డ్స్ టు డై అయితే మనం సరిగ్గా సర్దుకుని కూర్చునే లోపలే అయిపోతుంది. అరగంట కూడా లేని ఆల్బమ్. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంటాం, డబ్బులు గిట్టలేదు అని మాత్రం ఎవరికీ అనిపించదు. 5కి 4.5.

ఇదే 2000లో ఇంకోటి కూడా జరిగింది, పోలండ్ దక్షిణాన క్రోస్నో అనే చిన్న ఊరి నుంచి డికాపిటేటెడ్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ విండ్స్ ఆఫ్ క్రియేషన్ వచ్చింది, ఆడేది ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లలు, ప్రొడ్యూస్ చేసింది మన పీటరే. అంటే తర్వాతి తరానికి తలుపు కూడా ఈయనే తీశాడు. ఆ కుర్రాళ్ళు తర్వాత టెక్నికల్‌గా వేడర్‌ని దాటేసి వెళ్ళిపోయారు, అది వేరే రివ్యూ.

రెవలేషన్స్, 2002. లిటనీ కంటే మిక్స్ బ్యాలెన్స్‌గా ఉంటుంది, గిటార్లు మళ్ళీ ముందుకొచ్చాయి, బెహెమోత్ గాయకుడు నెర్గల్ ఒక పాటలో గొంతు కలిపాడు. చివరి పాట రెవలేషన్ ఆఫ్ బ్లాక్ మోజెస్ వాళ్ళ లెక్కలో చాలా పొడుగు, నెమ్మదిగా పేరుకుంటూ పోతుంది, వేడర్‌కి నిదానం కూడా చేతనవుతుంది అనడానికి సాక్ష్యం. కొత్తగా వినేవాళ్ళకి నేనైతే ఇదే ముందు ఇస్తాను, డె ప్రొఫుండిస్ కాదు, ఎందుకంటే సౌండ్ ఇప్పటి చెవులకి అలవాటైనట్టు ఉంటుంది, పాటలు విడివిడిగా గుర్తుంటాయి.

తర్వాత ది బీస్ట్, 2004. దీని గురించి రాయడం కొంచెం కష్టంగా ఉంది. రికార్డింగ్ టైమ్‌కి డాక్ గాయపడ్డాడు, ఆయన బదులు దారాయ్ అనే కుర్రాడు వచ్చి వాయించాడు, అసలు పేరు దారియుష్ బ్జొజోవ్‌స్కీ. డాక్ మళ్ళీ ఆ స్టూల్ మీదకి రాలేదు. 2005 ఆగస్టులో చనిపోయాడు, 34 ఏళ్ళు. పదహారు పదిహేడేళ్ళు ఈ బ్యాండ్ గుండె లాగా కొట్టుకున్న మనిషి. ఆ విషయం తెలిశాక ది బీస్ట్ వింటే ఆల్బమ్ తప్పు లేకపోయినా ఏదో ఖాళీగా అనిపిస్తుంది. దారాయ్ తప్పు ఒక్కటీ లేదు, చాలా శుభ్రంగా వాయించాడు, అదే ప్రాబ్లం, మరీ శుభ్రం. పాటలు కూడా ఈసారి మిడ్ టెంపో వైపు, హెవీ మెటల్ వైపు జరిగాయి, డార్క్ ట్రాన్స్‌మిషన్ బాగుంటుంది, కొన్ని పాటలైతే అవి వచ్చి వెళ్ళిన సంగతి కూడా తెలీదు. అప్పట్లో ఫ్యాన్స్ చాలామంది తిట్టుకున్నారు. అంత తిట్లు తినాల్సిన ఆల్బమ్ కాదు గానీ 5కి 3 కంటే ఎక్కువ నా వల్ల కాదు.

రెండేళ్ళలో ఇంప్రెషన్స్ ఇన్ బ్లడ్‌తో లేచి నిలబడ్డారు, 2006. ఇప్పుడు స్టూడియో హెర్ట్జ్, బియావిస్తోక్ ఊళ్ళో వియెస్వావ్‌స్కీ అన్నదమ్ములు నడిపేది, పోలండ్ మెటల్‌లో ఆ తర్వాత ఒక ఊపు ఊపిన స్టూడియో. ఇక్కడ దారాయ్‌కి వేసిన డ్రమ్ సౌండ్ లిటనీకి పూర్తి రివర్స్, లోతుగా, నిండుగా, ఒక పెద్ద హాల్లో పెట్టి కొట్టినట్టు ఉంటుంది. దానికి తోడు సినిమా బ్యాక్‌గ్రౌండ్ లాంటి ఆర్కెస్ట్రా ముక్కలు పాటలకి ముందు తగిలించారు. షాడోఫియర్, హెల్లెలూయా వినండి, కోరస్ పట్టుకుని అరవడానికి వీలుగా రాసిన పాటలు ఇవి, జనాన్ని ముందు పెట్టుకుని రాసినట్టు తెలిసిపోతుంది. డాక్ లేని వేడర్ ఎలా ఉండాలి అన్న ప్రశ్నకి జవాబు మొదటిసారి ఇక్కడ దొరికింది. ఆయన్ని కాపీ కొట్టడం మానేసి సౌండ్‌నే పెద్దది చేశారు. 5కి 4.

ఇరవై అయిదేళ్ళ సందర్భం అని 2008లో ఎక్స్ ఎక్స్ వి పేరుతో పాత పాటలు కొత్తగా రికార్డ్ చేసి వదిలారు. 2017లో మొదటి ఆల్బమ్ మొత్తాన్ని డార్క్ ఏజ్ పేరుతో మళ్ళీ చేశారు. ఈ రీరికార్డింగ్ జబ్బు నాకు అస్సలు పడదు. సౌండ్ బాగుంది, వాయించడం ఇంకా బాగుంది, అయినా ఆ పాత క్యాసెట్ రోజుల కసి కొత్త మైకుల్లోకి ఎలా వస్తుంది చెప్పండి. కలెక్షన్ పూర్తి చేసుకోవాలి అనుకునేవాళ్ళు తప్ప ఎవరూ డబ్బులు పెట్టక్కర్లేదు. రీఇష్యూల (పాత ఆల్బమ్స్‌ని మళ్ళీ అచ్చేసి అమ్మేవి) సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఒక పాత ఆల్బమ్ రీఇష్యూ సీడీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే బుక్‌లెట్‌లో లిరిక్స్ లేవు, వాల్యూమ్ మాత్రం పైకప్పు తాకేలా పెంచేశారు, పాత ప్రెస్సింగ్ దొరికితే అదే తీసుకోండి.

అదే 2008లో పీటర్ తప్ప బ్యాండ్ మొత్తం ఖాళీ అయిపోయింది. మౌజర్ వెళ్ళిపోయాడు, బేసిస్ట్ వెళ్ళిపోయాడు, దారాయ్ వెళ్ళిపోయాడు. 2009లో న్యూక్లియర్ బ్లాస్ట్ లేబుల్ మీద నెక్రోపోలిస్ వచ్చింది, డ్రమ్స్ పాల్, అంటే పావెవ్ యారోషెవిచ్. ఇది బ్యాండ్ ఆల్బమ్ కంటే పీటర్ సోలో ఆల్బమ్ లాగా ఉంటుంది, ఐడియాలు ఉన్నాయి, పక్కన కొట్లాడే మనిషి లేడు. కానీ 2011లో వెల్‌కమ్ టు ది మోర్బిడ్ రైక్ వచ్చేసరికి స్పైడర్ గిటార్‌లో కుదురుకున్నాడు, పాల్ చెయ్యి తిరిగింది, హెర్ట్జ్ స్టూడియో సౌండ్ అదిరింది, పేరులోనే పాత డెమోని గుర్తు చేస్తున్నారు, డికాపిటేటెడ్ సెయింట్స్ పాత పాటని మళ్ళీ వేశారు, ఈ ఒక్క రీరికార్డింగ్ మాత్రం క్షమిస్తాను ఎందుకంటే ఆల్బమ్‌లో కలిసిపోయింది. స్పైడర్ సోలోలు పీటర్ లాగా కేకలు కావు, రాగం ఉంటుంది, ఇద్దరూ ఒకే పాటలో ఒకరి తర్వాత ఒకరు వాయిస్తుంటే ఎవరిది ఏదో కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు. 2000 నుంచి వచ్చిన వేడర్‌లో నాకు లిటనీ, దీని తర్వాతే ఏదైనా.

పాల్ కూడా ఎక్కువ కాలం ఉండలేదు. ఇంగ్లాండ్ కుర్రాడు జేమ్స్ స్టువర్ట్ వచ్చాడు, పోలండ్ బ్యాండ్‌లో ఇంగ్లీషువాడు. టిబి ఎట్ ఇగ్ని 2014, ది ఎంపైర్ 2016, రెండిట్లోనూ ఆయనే. స్టువర్ట్ వాయింపులో త్రాష్ పాలు ఎక్కువ, స్నేర్ గట్టిగా కసిగా పడుతుంది, దాంతో పీటర్ రాసే రిఫ్‌లు కూడా ఎనభైల వైపు తిరిగాయి. ఎంపైర్‌లో ప్రేయర్ టు ది గాడ్ ఆఫ్ వార్ వింటే డెత్ మెటల్ బ్యాండా హెవీ మెటల్ బ్యాండా అని డౌట్ వస్తుంది. కొంతమందికి ఇది నచ్చదు. నాకు మాత్రం ఓల్ష్టిన్‌లో మొదలుపెట్టినప్పుడు ఏం వాయించాలనుకున్నాడో అదే చుట్టూ తిరిగి వచ్చి వాయిస్తున్నాడు అనిపించింది. టిబి ఎట్ ఇగ్ని 4, ఎంపైర్ 3.5.

గొంతు గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. డెత్ మెటల్ అంటే కడుపులోంచి వచ్చే గుర్రు మాత్రమే అనుకునేవాళ్ళు పీటర్‌ని వినాలి, ఈయన గుర్రుమనడు, గద్దిస్తాడు. ప్రతి మాటా అర్థమవుతుంది, ఆ పోలిష్ యాస కూడా దాచడు, ర అక్షరం మీద ఆ ఒత్తు వేరే ఎవరికీ రాదు. లిరిక్స్ చాలా ఏళ్ళు పావెవ్ ఫ్రెలిక్ రాశాడు, బ్యాండ్‌లో వాయించే మనిషి కాదు, రాసే మనిషి అంతే. అందుకే చాలా పాటల్లో మామూలు రక్తం, శవాల గోల బదులు పాత దేవుళ్ళు, కలలు, యుద్ధాలు కనిపిస్తాయి.

ఇక చివరిది, సాలిట్యూడ్ ఇన్ మ్యాడ్‌నెస్, 2020 మే 1న వచ్చింది, ప్రపంచం మొత్తం ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చున్న టైమ్‌లో, టూర్ లేదు ఏమీ లేదు. ఈసారి హెర్ట్జ్ వదిలేసి ఇంగ్లాండ్‌లో స్కాట్ ఆట్కిన్స్ దగ్గరికి వెళ్ళారు, తేడా మొదటి పాట షాక్ అండ్ ఆ మొదలవగానే తెలుస్తుంది. హెర్ట్జ్‌లో ఉన్న ఆ పెద్ద హాల్ పోయింది, గోడలు దగ్గరికి జరిగాయి, డ్రమ్స్ మన మొహం ముందు కొడుతున్నట్టు ఉంటాయి, అయినా లిటనీ లాగా ప్లాస్టిక్ శబ్దం కాదు, తోలు శబ్దం. పాటలు మరీ పొట్టి, డిస్పెయిర్ నిమిషంన్నర లోపలే అయిపోతుంది, మొత్తం ఆల్బమ్ అరగంట లోపు. అప్పటికి యాభై దాటిన మనిషి ఇంత కోపంగా, ఇంత తక్కువ మాటల్లో ఆల్బమ్ చేయడం నాకు ముచ్చటేసింది. పొజ్నాన్ బ్యాండ్ యాసిడ్ డ్రింకర్స్ పాట డాన్సింగ్ ఇన్ ది స్లాటర్‌హౌస్‌ని కవర్ చేశారు, ఎక్కువగా బయటి దేశాల వాళ్ళ పాటలే కవర్ చేసే బ్యాండ్ సొంత దేశం వాళ్ళ పాట ఇలా ఎత్తుకోవడం బాగుంది, పైగా దాంట్లో కొంచెం అల్లరి కూడా ఉంది, వేడర్‌లో అల్లరి అరుదు. స్టువర్ట్ ఇందులో వాయించింది తన బెస్ట్, డాక్ లాగా లేదు, దారాయ్ లాగా లేదు, తన లాగే ఉంది. 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే బేస్ మళ్ళీ వినపడలేదు, ఇన్ని ఆల్బమ్స్ అయినా వేడర్‌లో బేస్ వాయించేవాళ్ళు ఏం వాయిస్తున్నారో వాళ్ళకి, సౌండ్ ఇంజనీర్‌కి తప్ప ఎవరికీ తెలీదు.